ఆకాశవాణి పౌరాణికుడు ఉషశ్రీ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున రేడియో ప్రసక్తి యెందుకని కొందరికి తోచవచ్చును. పుస్తకము కంటికి సంబంధించినది, రేడియో చెవికి సంబంధించినది. రెండింటికి పొత్తు కుదరదనువారు ఈ సభలోనే యుందురు. వారితో వాదమునకు దిగుటకు కాదు గాని, ఒక సంగతి మాత్రము జ్ఞప్తి చేయవలసియున్నది. 1970లలోను, 1980లలోను కృష్ణా డెల్టా గ్రామములలో ఆదివారము మధ్యాహ్నమగుసరికి పఠనమందిరములందలి పత్రికలు బల్లలమీదనే యుండిపోయెడివి. చదువరులు లేచి రేడియో యున్నచోటికి చేరెడివారు. అది అరుగుమీద కావచ్చును, కాఫీ హోటలు బల్లమీద కావచ్చును, చేనిగట్టున తుమ్మకొమ్మకు తగిలించిన ట్రాన్సిస్టరు కావచ్చును. అందుండి ఒక కంఠము భారతకథ చెప్పుచుండెడిది.

ఆ కంఠము పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు గారిది. ఈ పేరు చెప్పినచో పోల్చుకొనువారు కొలదిమంది. ఉషశ్రీ యన్నచో బందరు మొదలు నాగాయలంక వరకు నాటి తరమున తెలియనివారరుదు.

ఆయన 1928 మార్చి 16వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా కాకరపర్రు అగ్రహారమున జన్మించిరి. గోదావరి యొడ్డున, వేదపండితులకు పేరుపడిన గ్రామమది. తండ్రి రామమూర్తి గారు. ఇంటిపేరే పురాణపండ. పూర్వులు పురాణము చెప్పి ఆ పేరు తెచ్చుకొనిరో, ఆ పేరు మనుమని చేత పురాణము చెప్పించెనో నిర్ణయించుట కష్టము. కాని యౌవనమున ఆయన చూపు పురాణములవైపు లేదు. ఉషశ్రీ యను కలము పేరుతో కథలు, నవలలు, నాటికలు వ్రాసిరి. మల్లెపందిరి, అమృతకలశము, జ్వలితజ్వాల మొదలగునవి ఆనాటివి. పేర్లు చూచిననే తెలియును గదా, అవి సమకాలీన జీవితమును గూర్చి వ్రాయు యువకుని పుస్తకములు. తరువాత భారత రామాయణములు చెప్పునప్పుడు ఈ నవలారచన ఆయనకు ఎంతో అక్కరకు వచ్చినది. సంభాషణ నడుపుట, ఒక ఘట్టమును ఎక్కడ ఆపవలెనో ఎరుగుట, పాత్రకు పాత్రకు మాటతీరు మార్చుట, ఇవి కేవల పాండిత్యమువలన వచ్చునవి కావు.

1960ల నడుమ ఆయన ఆకాశవాణిలో ప్రవేశించిరి. కొంతకాలము హైదరాబాదు కేంద్రమున పనిచేసి, 1970ల తొలి సంవత్సరములలో విజయవాడ కేంద్రమునకు వచ్చిరి. అక్కడనుండియే ఆయన పేరు ఇంటింటి పేరయినది.

ఆ కేంద్రమును గూర్చి రెండు మాటలు. తెలుగువారు తొలుదొల్త రేడియో విన్నది చెన్నపట్టణమునుండి. అక్కడి కేంద్రము 1938 జూన్ 16వ తేదీన ప్రారంభమయ్యెను. తమిళము, తెలుగు ఆ ఒక్క కేంద్రమునుండియే కాలము పంచుకొనెడివి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినది. అప్పటినుండి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలకు తమ మాట తమకు వినబడుట ఆరంభమయ్యెను. ఆర్తమూరులో పుట్టిన పింగళి లక్ష్మీకాంతము గారు, అనగా పింగళి కాటూరి కవుల జంటలో ఒకరు, 1950లలో ఈ కేంద్రమున పనిచేసిరి. బాలాంత్రపు రజనీకాంతరావు గారి భక్తిరంజని తెల్లవారుజామున ఊళ్లను మేల్కొలిపెను. మధ్యతరంగమున 837 కిలోహెర్ట్జులపై వెలువడు ఆ ప్రసారము సముద్రతీరమువరకు చక్కగా అందెడిది. డెల్టా భూమి చదునైనది, కొండలడ్డములేదు. ఉప్పునేల, తడినేల మధ్యతరంగములను దూరము తీసికొనిపోవుననియు ఇంజనీర్లు చెప్పుదురు. పంటకు పనికిరాని చౌడునేల రేడియోకైనను పనికివచ్చినదన్నమాట!

ఇక ఆ కంఠమును విన్న జనులెట్టివారో చూడవలెను. అది తెలియనిచో ఉషశ్రీ గారు చేసిన పని యొక్క బరువు తెలియదు.

ఈ సీమవారికి భారతము క్రొత్తది కాదు. పంట యింటికి చేరిన పిమ్మట గుడి మండపమున పురాణకాలక్షేపము పెట్టించుట డెల్టా గ్రామములలో పూర్వాచారము. పంతులుగారు పద్యము చదివి, తాత్పర్యము చెప్పి, నడుమ నడుమ ఊరి సంగతులు కలిపి జనులను నవ్వించెడివారు. కడపటి దినమున హారతి, సంభావన. అంతవరకు బాగుగనే యున్నది. కాని మండపమునకు మెట్లున్నవి. ఆ మెట్లెక్కుటకు అందరికి అధికారములేని దినములుండెను. 1947లో మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము వచ్చినను, శాసనము కాగితముమీదికి వచ్చినంత వేగముగా గ్రామములలోనికి రాలేదు. స్త్రీలు స్తంభముల చాటున కూర్చుండిరి. నాట్లు వేయువారు, కోతలు కోయువారు, చెప్పులు కుట్టువారు కథ వినవలెనన్నచో ప్రాకారము వెలుపల నిలుచుండి వినవలసినదే. గాలివాలు మంచిదైనచో సగము వినబడును.

రేడియోకు మెట్లు లేవు. ఎవరు వినుచున్నారో చెప్పువానికి తెలియదు; కనుక ఎవరినీ లేచిపొమ్మనలేడు. తొలిదినములలో పంచాయతీ కచేరీలోని పెట్టెకు తాళమును, దాని ముందు కుర్చీలను, కుర్చీలకు వరుసలును ఉండెననుట నిజమే. ట్రాన్సిస్టరు వచ్చి ఆ తాళము విడగొట్టినది. ప్రపంచమున ట్రాన్సిస్టరు రేడియోలు అమ్మకమునకు వచ్చినది 1954లో. మన పల్లెలకు చేరుటకు మరి పది పదునైదేండ్లు పట్టినది. అప్పటికిని తపాలా కచేరీలో ఏటేట రుసుము కట్టి లైసెన్సు పుస్తకమున ముద్ర వేయించుకొనవలెను. ఆ పద్ధతి 1980ల నడుమ రద్దయ్యెను. ఎందరు కట్టిరి, ఎందరు కట్టక దాచిరి అను లెక్క ఇప్పుడు తీయుట అనవసరము.

పెడనలో మగ్గములమీద, బందరులో రోల్డుగోల్డు పనివారి బల్లలవద్ద, గుడివాడ సంతకు వచ్చి బస్సుకై వేచియున్నవారి నడుమ, అవనిగడ్డ దాటి పల్లెకారుల గుడిసెలలో, అదే గంటకు అదే కథ వినబడెను. మండపములోని భారతము ఒక ఊరి భారతము. ఇది ఒక సీమకంతటికి ఒక్కసారి వినబడు భారతము. అంతకుముందు ఇట్టిది తెలుగుదేశమున జరిగియుండలేదు.

రెండవ సంగతి. ఈ సీమవారికి భారతము తెలియును గాని, వారికి తెలిసినది చాలవరకు నాటకముల భారతము. బందరులో ఉపాధ్యాయులై విశ్వనాథ సత్యనారాయణ గారి వంటి శిష్యులను తీర్చిదిద్దిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, తమ జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి గారితో కలిసి రచించిన పాండవోద్యోగ విజయములు ఆడని ఊరు డెల్టాలో లేదు. చదువురాని పాలేరు కూడ కృష్ణరాయబారపు పద్యమును రాగముతో ఎత్తుకొనెడివాడు. దాని తరువాత చలనచిత్రములు వచ్చెను. 1957లో మాయాబజారు, 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణ. వీనిలో నటించిన నందమూరి తారకరామారావు గారిది పామర్రు చెంత నిమ్మకూరు. అక్కినేని నాగేశ్వరరావు గారిది గుడివాడ ప్రాంతము. మన ఊరివాడే కృష్ణుడు, మన ఊరివాడే అభిమన్యుడు. ఇక వ్యాసుని మాట ఎవరు వినవలెను?

అందుచేత రచ్చబండమీద వాదము లెట్లుండెడివనగా: శశిరేఖ పెండ్లి ఏ పర్వములోనిది? మూలములో ఏ పర్వములోను లేదు. అభిమన్యుడు ఉత్తరను వివాహమాడినట్లే వ్యాసుడు చెప్పెను. లక్ష్మణుడు పర్ణశాల ముందు గీసిన గీత వాల్మీకిలో కలదా? లేదు. శబరి పండ్లు కొరికి రుచిచూచి పెట్టెనా? వాల్మీకి శబరి అడవిలోని ఫలమూలములను సేకరించి యుంచినదే గాని ఎంగిలి చేసినట్లు లేదు. అహల్య రాయి అయినదా? వాల్మీకి మాటలో ఆమె ఎవరికిని కనబడక, వాయుభక్షణముతో, బూడిదలో పడియుండి తపించినది, రాయి కాలేదు.

మయసభ సంగతి మరింత చిక్కు. దుర్యోధనుడు నీటిలో పడగా ద్రౌపది నవ్వెనని ప్రతివారును చెప్పుదురు. వ్యాసుడు ఆ ఘట్టమును తాను చెప్పునపుడు నవ్వినవారిలో భీముడు, అర్జునుడు, కవలలు ఉన్నారు. ద్రౌపది పేరు లేదు. ఆ తరువాత దుర్యోధనుడు తండ్రివద్దకు పోయి మొరపెట్టుకొనునపుడు మాత్రము, కృష్ణుడు నవ్వెను, ద్రౌపది స్త్రీలతో కూడి నవ్వెను అని చెప్పును. అనగా కవి చెప్పినదొకటి, కడుపుమంటతో ఉన్నవాడు చెప్పినదొకటి. ఇట్టిచోట భారతము ఎంత సూక్ష్మమైన గ్రంథమో తెలియును. సాక్షి వాంగ్మూలమును, ఫిర్యాదుదారు వాంగ్మూలమును వేరువేరుగా చదువుట తెలియనివాడు తీర్పు చెప్పరాదు. గుడ్డివాని కొడుకు గుడ్డివాడేనని ద్రౌపది ఎగతాళి చేసెనన్నమాట ఆ రెండింటిలోను లేదు. ఒక స్త్రీ నవ్వుట వలననే కురుక్షేత్రము జరిగెనని ఇన్ని తరములుగా చెప్పుకొనుచున్నాము. మూలము తెరచి చూచినచో ఆ నేరము అంత సులువుగా ఋజువు కాదు.

విజయవాడ కేంద్రమున ఉషశ్రీ గారు నడిపిన ధర్మసందేహములు అను కార్యక్రమము ఈ విధమైన వాదములకు ఒక చావడియైనది. శ్రోతలు కార్డులమీద సందేహములు వ్రాసి పంపెడివారు. ఆయన చదివి సమాధానము చెప్పెడివారు. సమాధానము ముక్కుసూటిగా ఉండెడిది. నమ్మకమును గౌరవించుట వేరు, లేనిదానిని ఉన్నదనుట వేరు అను పట్టుదల ఆ కంఠములో వినబడెను. అడిగినవారిని బుజ్జగించుట ఆయనకు చేతకాదు. మందలింపు కూడ అప్పుడప్పుడు ఉండెడిది. అయినను శ్రోతలకు కోపము రాలేదు. ఇంటి పెద్దన్నగారు కసరినట్లు తీసికొనిరి.

ఈ కార్యక్రమము చేసిన మేలు ఇంకొకటి కలదు. సందేహము అడుగుట తప్పుకాదని గ్రామస్థులకు తెలిసినది. మండపమున పంతులుగారిని నడుమ ఆపి ప్రశ్నించు ధైర్యము ఎవరికుండెను? రేడియోలో తమ ఊరి పేరు, తమ ప్రశ్న చదువబడుట విని, ప్రశ్నకు కూడ ఒక పరువు కలదని వారు గ్రహించిరి.

ఇక భారతకథనము. ఆయన చెప్పినది భారతము మాత్రమే కాదు. రామాయణము, భాగవతము కూడ చెప్పిరి. కాని డెల్టాలో భారతమునకే ప్రథమస్థానము. దానిని ఆయన వచనమున చెప్పిరి. చిన్న చిన్న వాక్యములు. రాగము లేదు, తంబురా లేదు, హార్మోనియము లేదు. ఖంగుమని మ్రోగు కంఠము, ఒక పలుకు మరియొక పలుకుతో తగులుకొనని స్పష్టమైన ఉచ్చారణ. ఒత్తులు, దీర్ఘములు, మహాప్రాణములు ఎక్కడివక్కడ పలికెడివి. బడిపిల్లలకు ఉచ్చారణ నేర్పుటకు ఆ ఉపన్యాసములను మించిన వాచకము లేదనినను తప్పులేదు.

రేడియోలో కథ చెప్పుట ఎంత కష్టమో పుస్తకము చదువువారికి తోచదు. చదువరి మరచినచో పేజీ వెనుకకు త్రిప్పుకొనును. శ్రోతకు ఆ అవకాశము లేదు. కావ్యములో అర్జునుడు ఒక పద్యమున కిరీటి, మరొక పద్యమున సవ్యసాచి, వేరొకచోట పార్థుడు, ధనంజయుడు. పండితునికి ఇది అలంకారము. గట్టుమీద కూర్చున్న శ్రోతకు నలుగురు మనుష్యులు. మండపమున చెప్పువాడు శ్రోతల ముఖములు చూచి, అర్థము కానిచోట మరల చెప్పును. రేడియోలో చెప్పువాని ఎదుట ముఖములు లేవు. నాలుగు గోడలు, ఒక మైకు, ఒక గడియారము మాత్రమే. గడియారము కదా అసలైన యజమాని! యుద్ధము మంచి పట్టుమీద ఉన్నను, నిముషము తీరినచో ఆపవలెను. లక్షశ్లోకములని ప్రసిద్ధికెక్కిన గ్రంథమును వారమునకింతయని కొలిచి, వినువానికి క్రితము వారము కథ గుర్తుండునట్లు, రాబోవు వారము కొరకు ఎదురుచూచునట్లు చెప్పవలెను. నవలాకారుని చేతికి ఇది తెలిసిన విద్య.

ప్రత్యక్ష వ్యాఖ్యానము దీనికంటెను కఠినము. శ్రీరామనవమినాడు భద్రాచలమున జరుగు సీతారామ కల్యాణమునకు ఆయన చేసిన వ్యాఖ్యానములు వినినవారు నేటికిని చెప్పుకొందురు. అక్కడ ముందు వ్రాసికొన్నది చదువుటకు వీలులేదు. ముహూర్తము తన వేళకు వచ్చును. పురోహితుడు ఒకప్పుడు తొందరించును, ఒకప్పుడు జాగుచేయును. చూచుచున్నది చూచుచున్నట్లే చెప్పి, ఖాళీ వచ్చినచోట కథ నింపవలెను. టెలివిజను పల్లెలకు రాకముందు, భద్రాద్రి పోలేని ముదుసలులు ఆ మాటలతోనే తలంబ్రాలు చూచిరి. రేడియోకు పసుపుబొట్టు పెట్టినవారు కూడ కలరు.

పద్యమునకు అలవాటుపడిన చెవికి ఆ వచన భారతము వెలితిగా తోచుననువారి మాట కొట్టివేయదగినది కాదు. నన్నయ అక్షరరమ్యత, తిక్కన సంభాషణ పద్యములో ఉన్నవే గాని కథలో లేవు. కథ తెలిసినంతమాత్రమున కవిత్రయము తెలిసినట్లు కాదు. విశ్వనాథవారి రామాయణ కల్పవృక్షము చదువుటకు పదేండ్ల సాధన కావలెను. ఉషశ్రీ గారి రామాయణము వినుటకు రెండు చెవులు చాలును. రెండింటిని ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు. ఒకరు గోపురము కట్టిరి, ఒకరు దారి వేసిరి. ఆ దారిన వచ్చినవారిలో కొందరైనను గోపురమువైపు తలయెత్తి చూచిరి. రేడియోలో వినిన కథను పుస్తకమున చూడగోరి గ్రంథాలయములకు వచ్చి, ఉషశ్రీ భారతము, ఉషశ్రీ రామాయణము అడిగి తీసికొని, అది ముగించి ఆంధ్రమహాభారతపు సంపుటములవైపు చేయిచాచినవారు పల్లెలలో లేకపోలేదు. అందరును అట్లు చేసిరనుట అతిశయోక్తి. చాలమందికి రేడియోతోనే తృప్తి కలిగెను. అదియును తక్కువ సంగతి కాదు.

ఇతర దేశముల, ఇతర రాష్ట్రముల సంగతి చూచినను ఇట్టి కంఠములు అరుదుగా కనబడును. స్కాట్లండు దేశమున రాబీ షెపర్డ్ అనునాయన 1981 నుండి 2016 వరకు, ముప్పదియైదేండ్లు, బి.బి.సి. స్కాట్లండు రేడియోలో ఒకే నాట్యసంగీత కార్యక్రమమును నడిపెను. ఆయన తమ ఈశాన్యసీమ మాండలికమును సిగ్గుపడక రేడియోలో పలికి, ఆ పల్లెభాషకు పెద్దరికము తెచ్చెను. ఆయన అంతకుముందు వృత్తిచేత గణకుడు! అంకెలు కూడువానికి మాట చేతకాదనువారు ఈ సంగతి గమనింతురు గాక. ఆయన 2023లో కీర్తిశేషులైరి.

వంగదేశపు కథ ఇంకను రసవత్తరమైనది. కలకత్తా కేంద్రమున 1931 నుండి మహాలయ అమావాస్యనాటి తెల్లవారుజామున మహిషాసురమర్దిని ప్రసారమగుచున్నది. దానిలో చండీపారాయణ చేసినది వీరేంద్రకృష్ణ భద్ర. 1976లో అధికారులు ఆయన కంఠమును తొలగించి, ప్రసిద్ధ చలనచిత్ర నటుడు ఉత్తమ్‌కుమార్ చేత క్రొత్తది చేయించిరి. శ్రోతలు ఆగ్రహించిరి. పాతదానిని మరల ప్రసారము చేయక తప్పలేదు. ఒక కంఠము జనుల సొత్తయిన పిమ్మట, దానిని మార్చు అధికారము కచేరీలకు ఉండదని ఆనాడు తేలినది.

ఉషశ్రీ గారి కంఠము కూడ అట్టి సొత్తయిన దినములలోనే ఈ సీమకు మహాప్రళయము వచ్చినది. 1977 నవంబరు 19, శనివారము. ఆనాటి ఉప్పెన దివిసీమను ముంచిన తీరు ఇక్కడ వివరింప నక్కరలేదు. ఈ సభలోని కుటుంబములకు అది చదివి తెలిసికొనవలసిన సంగతి కాదు. ఐదు మీటర్ల ఎత్తున సముద్రము నడచివచ్చెను. సర్కారు లెక్క ప్రకారమే పదివేలమందికి తక్కువకాకుండ పోయిరి. జనుల లెక్క అంతకు మించినది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల పల్లెలు కొన్ని పేరుకు మాత్రమే మిగిలెను. మరునాడు ఆదివారము. భారతము వినవలసిన దినము. విద్యుత్ స్తంభములు నేలకొరిగెను. రేడియోలు బురదలో పూడెను. వినవలసిన మనుష్యులే లేరు. గతవారపు కథలో ఏమి జరిగెనో చెప్పుకొనుటకు కొన్ని పల్లెలలో ఇద్దరు శ్రోతలు మిగులలేదు.

తుఫాను హెచ్చరికలు రేడియోలో వచ్చుట, వాటిని జనులు లెక్కచేయకపోవుట గూర్చి తరువాత చాల చర్చ జరిగెను. సముద్రతీరవాసులకు హెచ్చరిక క్రొత్తకాదు. ఎన్నిసార్లో వినిరి, ఎన్నిసార్లో ఏమియు జరుగలేదు. భారతము చెప్పు కంఠమును నమ్మినట్లు వాతావరణము చెప్పు కంఠమును నమ్మలేదు. ఆ యుప్పెన తరువాతనే తీరమున తుఫాను ఆశ్రయ భవనములు లేచినవి, బ్యాటరీ రేడియో ఇంటిలో నుండవలసిన వస్తువను ఎరుక పెరిగెను. పునరావాసపు గుడిసెలలోనికి క్రొత్త ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట, ఆదివారపు కథ మరల వినబడినది. ఎక్కడ వదలిరో అక్కడనుండి వినుట మాత్రము వారికి సాధ్యము కాలేదు.

1980లు ముగియు సమయమునకు గాలి మారినది. 1987 జనవరిలో దూరదర్శనున హిందీ రామాయణము ప్రారంభమయ్యెను. 1988 అక్టోబరు 2న మహాభారతము. ఆదివారము ఉదయమున టి.వి. ఉన్న ఇంటిముందు చెప్పులు కుప్పలుపడెను. హిందీ ఒక్క ముక్క రానివారు కూడ గుడ్లప్పగించి చూచిరి. వారికి అర్థమగుటకు కారణమేమి? కథ అంతయు అంతకుముందే రేడియోలో వినియుండిరి! ఎవరు శల్యుడో, ఎవరు సాత్యకియో ముందే తెలిసియుండుటచేత, బొమ్మ చూచి గుర్తుపట్టిరి. ఈ ఋణమును ఎవరును పద్దు వ్రాయలేదు. ఆ మహాభారతము 1990 జూన్ 24న ముగిసెను. అదే సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఉషశ్రీ గారు అరువదిరెండేండ్ల వయస్సున స్వర్గస్థులైరి.

రేడియో మాటకు ఆయువు తక్కువ. గ్రంథకర్త పోయినను గ్రంథము బీరువాలో ఉండును. రేడియోలో పలికిన మాట పలికిన క్షణముననే గాలిలో కలిసిపోవును. అయస్కాంతపు టేపుమీద ఎక్కించినను, టేపు ఖరీదైన వస్తువు. ఒకదానిని తుడిచి దానిమీదనే మరొకటి ఎక్కించుట ఎల్ల కేంద్రములలోను జరిగిన పనియే. అట్లు తుడుపు పడినవానిలో ఎందరి కంఠములు, ఎన్ని నాటకములు పోయెనో! అదృష్టవశమున ఉషశ్రీ గారి భారత రామాయణ ఉపన్యాసములలో కొన్ని మిగిలెను. అవి నేడు ఇంటర్నెట్టున దొరకుచున్నవి. అమెరికాలో నున్న తెలుగువారు కారు నడుపుచు వినుచున్నారట. కావలసినచోట ఆపుకొనవచ్చును, వెనుకకు త్రిప్పుకొనవచ్చును. పుస్తకమునకు మాత్రమే ఉన్న సౌకర్యము ఇప్పుడు ఆ కంఠమునకును వచ్చినది. మన గ్రంథాలయములలోను పుస్తకముల బీరువా ప్రక్కన ఇట్టి శ్రవణసామగ్రికి ఒక అర ఏర్పరచుట మంచిది. చూపు మందగించిన చందాదారులు ప్రతి ఊరిలోను ఉన్నారు.

ఆయన తమ ప్రసంగమును స్వస్తి అను మాటతో ముగించెడివారు. ఆ మాట నిడివిగా సాగదీయరు, ఎత్తి పలుకరు; తలుపు దగ్గరగా వేసినట్లు పలికెడివారు. అది వినబడగనే సెల్లులు అరుగునని ఎవరో ఒకరు చేయిచాచి రేడియో కట్టెడివారు. అప్పటికి ఎండ నడినెత్తిన ఉండెడిది. మగవారు కండువాలు దులుపుకొని లేచి, ఆనాటి ఘట్టమున కర్ణునిది తప్పా, భీష్మునిది తప్పా అని వాదించుకొనుచు, భోజనమునకు ఇండ్లకు పోయెడివారు.